తోటివాని దుఃఖం

జాలి, దయ, కనికరం, కరుణ, సహానుభూతి అని మన భాషలో ఒకే కుటుంబానికి చెందిన మాటలు అనేకం ఉన్నాయి. నిత్యవ్యవహారంలో ఒకదానికి బదులుగా మరొకదానిని వాడుకొంటూ ఉంటాము. కాని కొంచెం నిదానించి చూస్తే వీటి నడుమ గల అంతరం తెలియకపోదు. జాలి పైనుండి కిందికి ప్రవహిస్తుంది. ఒడ్డున నిలిచినవాడు ఏటిలో కొట్టుకొనిపోయేవానిని చూచి జాలిపడగలడు. పడి, తన దారిన తాను పోగలడు. సహానుభూతి అట్టిది కాదు. కూడ అనుభవించడమని ఆ మాటకు అర్థం. దానికి ఒడ్డు దిగవలసి ఉంటుంది.

మనుషులు రంగును బట్టి, కులాన్ని బట్టి, మతాన్ని బట్టి చీలిపోయి ఒకరిమీద ఒకరు చేయి ఎత్తే వేళ ఈ సహానుభూతికి ఏమైనా ప్రయోజనం ఉన్నదా? కోపోద్రేకంతో ఉన్న గుంపుకు లాఠీయే మందు అనేవారు కొందరున్నారు. అన్యాయం జరిగిన చోట కరుణను గురించి ఉపన్యసించడం బాధితుని నోరు మూయడమే అనేవారు మరికొందరున్నారు. మొదటివారి మాటలో భయం ఉన్నది. రెండవవారి మాటలో అనుభవం ఉన్నది. ఈ వాదప్రతివాదాలకు అంతు లేదు గనుక, చరిత్రలో నిజంగా జరిగిన ఒక సంఘటనను తీసుకొని పరిశీలించడం మేలు. 1968 ఏప్రిల్ 4వ తేదీ రాత్రి అమెరికాలోని ఇండియానాపొలిస్ నగరంలో జరిగిన సంఘటన అది.

ఆ రాత్రి సంగతి బోధపడవలెనంటే ముందుగా మెంఫిస్ నగరాన్ని గురించి చెప్పుకోవలె. టెనెసీ రాష్ట్రంలో, మిసిసిపీ నది ఒడ్డున ఉన్న నగరం అది. అక్కడ ఇండ్ల చెత్త ఎత్తే పారిశుద్ధ్య కార్మికులు దాదాపు అందరూ నల్లజాతివారు. ఆ సంవత్సరం ఫిబ్రవరి 1వ తేదీన వాన కురుస్తూ ఉండగా ఎకోల్ కోల్, రాబర్ట్ వాకర్ అనే ఇద్దరు కార్మికులు తల దాచుకొనడానికి చెత్తబండి వెనుకభాగంలోకి ఎక్కినారు. చెత్తను అదిమివేసే యంత్రం అకస్మాత్తుగా కదిలి ఆ ఇద్దరినీ బలి తీసుకొన్నది. పదకొండు రోజుల తరువాత, ఫిబ్రవరి 12న, సుమారు 1,300 మంది కార్మికులు పని మానివేసినారు. వారు ఊరేగింపులలో పట్టుకొని నడిచిన అట్టలమీద ఒక్క వాక్యమే ఉన్నది: 'నేను మనిషిని'. కూలి ఎంత పెంచవలెనో ఆ అట్టమీద రాయలేదు. పని గంటల ప్రస్తావన లేదు. ఒక మనిషి తాను మనిషినని రాసి చూపవలసి రావడంలోనే తక్కిన కోరికలన్నీ ఇమిడి ఉన్నాయి.

ఈ కార్మికులకు అండగా నిలవడానికే డాక్టర్ మార్టిన్ లూథర్ కింగ్ మెంఫిస్ వచ్చినారు. ఏప్రిల్ 4వ తేదీ సాయంత్రం ఆరు గంటలు దాటి ఒక నిమిషం కాగానే, తాము బస చేసిన లొరేన్ మోటెల్ మేడ వసారాలో నిలిచి ఉండగా ఆయనకు తుపాకిగుండు తగిలినది. సుమారు గంట తరువాత ఆస్పత్రిలో ప్రాణం పోయినది. అప్పటికి ఆయన వయస్సు 39 సంవత్సరాలు. తరువాత ఆ నేరాన్ని న్యాయస్థానంలో ఒప్పుకొన్నవాడు తెల్లజాతివాడు.

అదే దినాన రాబర్ట్ కెన్నెడీ ఇండియానా రాష్ట్రంలో ఎన్నికల ప్రచారం చేస్తున్నారు. ఆయన అప్పుడు సెనేటు సభ్యులు. అధ్యక్షపదవికి పోటీ చేయదలచినట్లు ప్రకటించి మూడు వారాలైనా కాలేదు. ఆ రాత్రి ఇండియానాపొలిస్‌లో నల్లజాతివారు నివసించే పేటలో, 17వ వీధీ బ్రాడ్వే వీధీ కలిసే చోట, ఆయన సభ ఏర్పాటై ఉన్నది. మన్సీ పట్టణంలో ఉపన్యాసం ముగించుకొని విమానం ఎక్కబోయే వేళకు కింగ్ మీద కాల్పులు జరిగినవన్న వార్త తెలిసినది. విమానం దిగేసరికి మరణవార్త వచ్చినది. సభకు వెళ్లడం క్షేమం కాదని పోలీసు అధికారులు హెచ్చరించినారు. ఆయన వెళ్లదలచినారు. వెంట వచ్చిన పోలీసు బండ్లు ఆ పేట సమీపించగానే వెనుకకు తగ్గినవి.

చలి రాత్రి, చినుకులు పడుతున్నవి. రెండు మూడు వేలమంది జనం చాలసేపటినుండి ఎదురుచూస్తున్నారు. ఈనాటివలె ప్రతివాని చేతిలోను ఫోను ఉన్న కాలం కాదది. ఆ గుంపులో చాలామందికి జరిగిన ఘోరం తెలియదు. వారి దృష్టిలో అది ఎన్నికల సభ. చేతులలో అభ్యర్థి పేరు రాసిన అట్టలున్నాయి.

వార్తలు వినిపించడం వృత్తిగా గల మాబోటివారికి ఒక సంగతి అనుభవంలో ఉన్నది. దుర్వార్తను ఏ తీరున చెబుతామో దానిని బట్టి వినేవారి తరువాతి నడత చాలవరకు నిర్ణయమవుతుంది. వార్తను నాన్చితే అనుమానం పెరుగుతుంది. అలంకరించి చెబితే ఉద్రేకం పెరుగుతుంది. కెన్నెడీ ఒక లారీ మీద నిలిచి, అట్టలను కిందికి దించవలసినదిగా ముందు కోరినారు. తరువాత ఉన్నది ఉన్నట్లు ఒక్క వాక్యంలో చెప్పివేసినారు. జనంలోనుండి ఒక్కసారిగా ఆర్తనాదం లేచినది. ఆ తరువాత ఆయన మాట్లాడినది ఐదారు నిమిషాల కంటె ఎక్కువ కాదు.

ఆ ఐదారు నిమిషాలలో ఏమి చెప్పినారో, ఏమి చెప్పలేదో గమనించవలె. శాంతించండి అని మొదలుపెట్టలేదు. చట్టాన్ని గుర్తు చేయలేదు. మీలో నల్లజాతివారికి తెల్లవారందరిమీద ద్వేషం, పగ కలగడం సహజమే అని ముందుగా అంగీకరించినారు. అట్టి భావం తన గుండెలోను ఉన్నదనీ, తన కుటుంబంలోను ఒకరు హత్యకు గురియైనారనీ, ఆ చంపినవాడు తెల్లవాడేననీ చెప్పినారు. 1963 నవంబరు 22న హతులైన అధ్యక్షుడు జాన్ కెన్నెడీ ఆయనకు అన్నగారు. ఆ గాయాన్ని గురించి బహిరంగసభలలో నోరు విప్పడానికి ఆయన ఎన్నడూ ఇష్టపడేవారు కారు. ఆనాడు అపరిచితులైన వేలమంది ఎదుట విప్పినారు. అన్న మరణించిన తరువాత ఆయన ప్రాచీన గ్రీకు సాహిత్యం చదివి ఊరట పొందినవారు. దుఃఖాన్ని గురించి నాటకకర్త ఎస్కిలస్ చెప్పిన కొన్ని పంక్తులను అక్కడ జ్ఞాపకం నుండి వినిపించినారు. దేశాన్ని చీల్చే ద్వేషం, హింస మనకు అక్కరలేదనీ, ఒకరిపట్ల ఒకరికి ప్రేమా కరుణా కావలెననీ, నల్లవారు గాని తెల్లవారు గాని ఇంకా బాధలు పడుతున్న వారందరిపట్ల న్యాయబుద్ధి కావలెననీ అన్నారు. హింస దీనితో అంతమైపోదు, కష్టకాలం ఇంకా రాగలదు అని కూడ దాచకుండా చెప్పినారు. ఇండ్లకు వెళ్లి, కింగ్ కుటుంబం కొరకు, దేశం కొరకు ప్రార్థించవలసినదిగా కోరినారు. జనం ఇండ్లకు వెళ్లినారు.

ఆ రాత్రినుండి వారం రోజులలో వాషింగ్టన్, షికాగో, బాల్టిమోర్ మొదలుగా నూరుకు పైగా నగరాలలో అల్లరులు చెలరేగినవి. సైన్యాన్ని దింపవలసి వచ్చినది. దాదాపు 40 మంది చనిపోయినారు. ఇండియానాపొలిస్ మాత్రం ప్రశాంతంగా ఉండిపోయినది.

ఇందుకు కారణం ఒక్క ఉపన్యాసమే అనడం అతిశయోక్తి. ఆ పేటలో జనం మధ్య తిరిగి, యువకులకు నచ్చజెప్పి, రాత్రంతా కాపుకాచిన స్థానిక నల్లజాతి కార్యకర్తల పాత్ర చిన్నది కాదు. చరిత్ర పెద్ద పేర్లను గుర్తుంచుకొని అట్టివారిని మరచిపోతూ ఉంటుంది. అయినా వారి పనికి ఆ మాటలు ఊతమైనవనడంలో సందేహం లేదు. ఎందుకు ఊతమైనవి? వేలమంది దుఃఖాన్ని ఆయన మొదట న్యాయమైనదిగా ఒప్పుకొన్నారు. తరువాత దాని పక్కన తన దుఃఖాన్ని తెచ్చి నిలిపినారు. ఆ తరువాతనే ఒక కోరిక కోరినారు. ఈ వరుస మారి ఉంటే, అనగా కోరిక ముందు వచ్చి ఉంటే, ఆ జనం విని ఉండేవారు కారేమో. ఏడ్చేవాని ఏడుపు సబబైనదేనని ఒప్పుకోనివానికి, ఏడవవద్దని చెప్పే అధికారం ఎక్కడినుండి వస్తుంది?

ఇంతటి మాట పలికిన వ్యక్తి పుట్టుకతోనే కరుణామయుడని అనుకోవలసిన పని లేదు. ఈ కథలో మనకు ఎక్కువగా ఉపకరించే భాగం ఇదే. రాబర్ట్ కెన్నెడీ సంపన్న కుటుంబంలో పుట్టి, పేదరికమన్నది ఎరుగకుండా పెరిగినవారు. 1961 నుండి దేశానికి అటార్నీ జనరల్‌గా ఉన్నారు. ఆ హోదాలో, 1963 అక్టోబరులో, డాక్టర్ కింగ్ టెలిఫోను సంభాషణలను రహస్యంగా వినడానికి అనుమతి ఇచ్చినవారు కూడ ఆయనే. ఆ సంతకం చరిత్రలో నిలిచి ఉన్నది. దానిని తుడిచివేసి ఆయనను పొగడడం సత్యానికి ద్రోహం.

అదే 1963 మే నెల 24వ తేదీన ఆయన న్యూయార్కులో కొందరు నల్లజాతి ప్రముఖులను కలుసుకొన్నారు. రచయిత జేమ్స్ బాల్డ్విన్ వారిని వెంటబెట్టుకొని వచ్చినారు. వారిలో నాటక రచయిత్రి లొరేన్ హాన్స్‌బెర్రీ, గాయకుడు హారీ బెలఫాంటే ఉన్నారు. దక్షిణ రాష్ట్రాలలో బస్సులలోని వర్ణవివక్షను ఎదిరించి తీవ్రంగా దెబ్బలు తిన్న జెరోమ్ స్మిత్ అనే యువకుడూ ఉన్నాడు. ఈ దేశం తరఫున తాను యుద్ధానికి వెళ్లనని ఆ యువకుడు తెగేసి చెప్పినాడు. కెన్నెడీ నిర్ఘాంతపోయినారు. తమ పెద్దలు ఐర్లండునుండి వలస వచ్చినవారేననీ, వారూ చిన్నచూపుకు గురియైనారనీ, ఈనాడు తమ అన్న అధ్యక్షుడైనాడనీ జవాబిచ్చినారు. దానికి బాల్డ్విన్ చెప్పిన సమాధానం సూటిగా ఉన్నది: మీవారు వచ్చి మూడు తరాలైనది, మావారు అంతకంటె ఎంతో ముందు వచ్చినారు, మరి మేము ఇంకా అట్టడుగుననే ఎందుకున్నాము? సమావేశం చేదుగా ముగిసినది. కెన్నెడీ కోపంతో ఇంటికి వెళ్లినారు. కాని కొన్నాళ్లకు, తానే ఆ యువకుని స్థానంలో ఉంటే తనకూ అట్లే తోచేదేమో అని సన్నిహితులతో అన్నారట. ఆ ఒక్క మాట దగ్గర ఆయన ఒడ్డు దిగడం మొదలైనది.

దిగడం ఒక్క దినంలో పూర్తి కాలేదు. టెలిఫోను సంతకం ఆ తరువాత ఐదు నెలలకే జరిగినది గదా! ఆ నవంబరులో అన్న మరణం ఆయనను కుంగదీసినది. 1966లో దక్షిణాఫ్రికా వెళ్లి, అక్కడి ప్రభుత్వం కదలకుండా కట్టుబాటు చేసి ఉంచిన ఆల్బర్ట్ లుతూలీ గారిని ఆయన ఇంటనే కలుసుకొన్నారు. 1967 ఏప్రిల్‌లో మిసిసిపీ రాష్ట్రంలో పల్లెపేదల గుడిసెలలోకి వెళ్లి, ఆకలితో వాడిపోయిన పసివారిని స్వయంగా చూచినారు. చదివి తెలుసుకొన్న పేదరికానికీ, నేలమీద మెతుకులు ఏరుకొనే బిడ్డ ముందు కూర్చొని చూచిన పేదరికానికీ ఎంత దూరమో అప్పుడు తెలిసివచ్చినది. 1968 ఏప్రిల్ 4 రాత్రి లారీమీద నిలిచినవాడు ఈ ఐదు సంవత్సరాలూ నడిచి వచ్చిన మనిషి.

డాక్టర్ కింగ్ జీవితంలోను ఇట్టి పాఠం ఒకటి ఉన్నది. దాని రంగస్థలం మన దేశమే. 1959 ఫిబ్రవరి, మార్చి నెలలలో ఆయన సతీసమేతంగా భారతదేశ యాత్ర చేసినారు. కేరళలో తిరువనంతపురం నగరాన ఒక పాఠశాలకు వెళ్లినారు. అంటరానివారుగా చూడబడిన కుటుంబాల పిల్లలు చదివే బడి అది. ప్రధానోపాధ్యాయుడు పిల్లలకు ఆయనను పరిచయం చేస్తూ, అమెరికానుండి వచ్చిన మన తోటి అంటరానివాడు అన్నాడట. ఈ సంగతిని 1965 జూలై 4న అట్లాంటా నగరంలోని తమ చర్చిలో డాక్టర్ కింగ్ స్వయంగా చెప్పినారు. ఆ మాట వినగానే మొదట తమకు కొంత విస్మయం, కొంత నొచ్చుకోలు కలిగినవనీ, తరువాత తమ దేశంలో పేదరికపు పంజరంలో బందీలైన నల్లజాతివారిని తలచుకోగా, అవును, నేను అంటరానివాడినే అని మనస్సు ఒప్పుకొన్నదనీ చెప్పినారు. లోకమంతా గౌరవించే నాయకుడు, ప్రధాని నెహ్రూగారి ఇంట విందారగించిన అతిథి, ఒక బడిలో పిల్లల పక్కన ఆ పేరును తనకు తాను చేర్చుకొన్నారు. తొమ్మిదేండ్ల తరువాత ఆయన చెత్త ఎత్తే కార్మికుల పక్షాన నిలిచి ప్రాణం విడవడం యాదృచ్ఛికం కాదనిపిస్తుంది.

ఇక్కడ ఒక ఆక్షేపణకు జవాబు చెప్పవలె. మాటలతో, కన్నీటితో అన్యాయం తొలగుతుందా? తొలగదు. 1967 వేసవి అల్లరుల తరువాత అమెరికా ప్రభుత్వం నియమించిన కెర్నర్ సంఘం, దేశం నల్లది తెల్లది అనే రెండు అసమాన సమాజాలుగా చీలిపోతున్నదని 1968 ఫిబ్రవరి చివర నివేదించినది. ఆ చీలికకు వివక్షయే మూలమని స్పష్టంగా చెప్పినది. ఇండ్ల అమ్మకంలో, అద్దెలో వర్ణవివక్షను నిషేధించే చట్టం మీద ఏప్రిల్ 11న అధ్యక్షుడు జాన్సన్ సంతకం చేసినారు. మెంఫిస్ నగరపాలకులు ఏప్రిల్ 16న కార్మికుల సంఘాన్ని గుర్తించి, వేతనాలు పెంచడానికి ఒప్పుకొన్నారు. ఒక మహనీయుని మరణం తరువాత గాని ఈ చిన్న న్యాయం జరగలేదు. కెన్నెడీ కూడ ఆ జూన్ 5న లాస్ ఏంజిలిస్‌లో కాల్పులకు గురియై మరునాడు మరణించినారు. సహానుభూతి చట్టం పని చేయలేదు. ఆ చట్టం అవసరమని అవతలివారికి తోచేటట్లు చేయగలదు. చట్టం వచ్చేవరకు ఊరు తగలబడకుండా ఆపగలదు. అంతకంటె ఎక్కువను దానినుండి ఆశించడం గాని, ఆ మాత్రానికి దానిని చులకన చేయడం గాని తగదు.

మన దేశం సంగతి దీనికి తిరుగుముఖంగా ఉన్నది. ఇక్కడ చట్టం ముందే వచ్చినది. 1950 జనవరి 26న అమలులోకి వచ్చిన రాజ్యాంగం తన 17వ అధికరణంలో అస్పృశ్యతను రద్దు చేసినది. పాకీపనిని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో మరింత గట్టి చట్టం వచ్చినవి. ఈ పనిని నిర్మూలించడానికి జీవితమంతా పోరాడుతున్న బెజవాడ విల్సన్ గారు కోలార్ బంగారు గనుల పట్టణంలో, ఆ వృత్తిలోనే బతికిన తెలుగు కుటుంబంలో పుట్టినవారు. 2016లో మగసేసే పురస్కారం ఆయనను వరించినది. ఆయన నడిపే ఉద్యమ సంస్థ వేసిన వ్యాజ్యంలోనే సుప్రీంకోర్టు 2014లో, మురుగుకాలువలలో దిగి చనిపోయినవారి కుటుంబాలకు 10 లక్షల రూపాయల పరిహారం చెల్లించవలెనని తీర్పు చెప్పినది. 2023లో ఆ మొత్తాన్ని 30 లక్షలకు పెంచినది. అయినా మురుగుగుంతలో దిగి ఊపిరాడక మరణించిన కార్మికుల వార్తలు ఇంకను వస్తూనే ఉన్నాయి. చట్టమున్నది, తీర్పు ఉన్నది, పరిహారమున్నది. గుంతలోకి దిగినవాడు మన ఇంటి మనిషి వంటివాడన్న భావమే లేదు. మెంఫిస్ కార్మికుడు అట్టమీద రాసుకొన్న వాక్యాన్ని మన వీధిలోని కార్మికుడు రాసుకొనలేదు. అయినంత మాత్రాన అతడు ఆ మాట చెప్పడం లేదని అనుకోరాదు.

అయితే సామాన్యులమైన మనం చేయదగినది ఏమిటి? కెన్నెడీ వలె వేలమంది ఎదుట నిలిచే అవసరం మనకు రాదు. కాని ఊరిలో, కార్యాలయంలో, బంధువుల ముచ్చట్లలో ఒక కులాన్ని గాని, మతాన్ని గాని, రంగును గాని తేలిక చేసే మాట దొర్లని దినం ఉండదు. ఆ మాట పడినవాడు కోపంగా జవాబిస్తే, ఇంత చిన్న మాటకు అంత కోపమెందుకని అతనినే మందలిస్తాము. మనం తప్పే స్థలం అది. అతని కోపం వెనుక ఉన్న సంగతిని ముందు వినవలె. విన్నది చేదుగా ఉన్నా లేచిపోకుండా కూర్చోవలె. కూర్చొన్నందువలన వెంటనే మనసు మారకపోవచ్చు. బాల్డ్విన్ మాటలు విన్న కెన్నెడీకి వెంటనే మారలేదు. కాని వినని చెవికి మారే అవకాశమే ఉండదు.

ఆ సభ జరిగిన స్థలం ఈనాడు డాక్టర్ కింగ్ పేరుగల ఉద్యానవనంలో ఉన్నది. 1995లో అక్కడ ఒక స్మారక శిల్పాన్ని నిలిపినారు. దారికి ఇటు ఒక గోడ, అటు ఒక గోడ. ఒక గోడనుండి కింగ్, ఎదుటి గోడనుండి కెన్నెడీ ముందుకు వంగి, ఒకరివైపు ఒకరు చేయి చాచి ఉంటారు. చేతులు కలియవు. నడుమ కొంత ఎడం ఉన్నది. సందర్శకులు ఆ ఎడంలోనుండి నడిచి వెళతారు. మనుషుల మధ్య దూరాన్ని శిల్పి దాచలేదు. చాచిన చేతులనూ విడువలేదు. రెండు చేతులకూ మధ్య మిగిలిన ఆ కొద్ది దూరం పూడ్చడం, దారిన నడిచే మనవంటివారి వంతు.